డీజే దరువు ఎవరిది?

గత ఏడాది వార్షికోత్సవం రాత్రి భోజనాలయ్యాక డీజే పెట్టగానే పూర్వ విద్యార్థులు కొందరు ముఖం చిట్లించారు. "మన డప్పు ఉండగా ఈ డబ్బున్నోళ్ల మోత మనకెందుకురా తమ్ముడూ?" అని ఒకన్న అడిగాడు. ఆ రాత్రి మా దగ్గర జవాబు లేదు. సౌండు తగ్గించేశాం. తర్వాత వెతికి చదువుకున్నది ఇక్కడ రాస్తున్నాం. అన్న మాట సగమే నిజం. ఆ మోతలో పెద్ద భాగం డబ్బున్నోళ్లు పుట్టించింది కాదు.

కరేబియన్ సముద్రంలోని జమైకా దీవిలో అత్యధికులు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చి చెరకు తోటల్లో పని చేయించిన వారి సంతానమే. 1950లలో రాజధాని కింగ్‌స్టన్ పేదలకు ఇంట్లో రికార్డు ప్లేయరు కొనుక్కునే స్తోమత ఎక్కడిది? బీరువాలంతేసి స్పీకర్లు కట్టి వీధుల్లో, ఖాళీ స్థలాల్లో పాటలు పెట్టేవారు. దాన్నే సౌండ్ సిస్టమ్ అన్నారు. మన పెళ్లి ఊరేగింపుల్లో వెళ్లే డీజే బండికి అది వరసకు పెద్దన్న.

అక్కడ కింగ్ ట్యూబీ అనే ఆయన రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్. 1970ల మొదట్లో వాటర్‌హౌస్ అనే పేదవాడలో, తన ఇంట్లోనే, పాటలోంచి గొంతు తీసేసి డ్రమ్మూ బేసూ మిగిల్చాడు. మధ్యమధ్య ప్రతిధ్వని కలిపాడు. దాని పేరు డబ్. ఇవాళ అందరూ రీమిక్స్ అంటున్న పనికి తొలి బడుల్లో అదొకటి. కంప్యూటరు లేదు, నాలుగు ట్రాకుల మిక్సరే. ఎలక్ట్రానిక్స్ చదివే మా గది తమ్ముడు ఈ పేరా మూడుసార్లు చదివించుకున్నాడు!

ట్యూబీ శిష్యుడు కింగ్ జామీ. 1985లో ఆయన దగ్గరికి వేన్ స్మిత్, నోయెల్ డేవీ అనే కుర్రాళ్లు కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డు తెచ్చారు. అందులో కంపెనీవాళ్లు ముందే నింపిన ఒక తాళాన్ని నెమ్మది చేసి 'అండర్ మీ స్లెంగ్ టెంగ్' పాట చేశారు. ఆ దెబ్బతో డాన్స్‌హాల్ వాద్యగాళ్ల చేతుల్లోంచి యంత్రాల మీదికి మళ్లింది. ఆ తాళం కూర్చిన జపాన్ యువతి ఒకుడా హిరోకో కాలేజీలో రెగే మీదే వ్యాసం రాసిందట. జమైకా దరువు జపాన్ వెళ్లి, బొమ్మలాంటి పెట్టెలో ఇల్లు చేరిందన్నమాట. అందుకే కలపడమే తప్పనేవారితో మేము ఏకీభవించం.

క్లబ్బు సంగీతంలో సాధారణంగా నాలుగు దెబ్బలూ సమానంగా పడతాయి. రెగేలో మొదటి దెబ్బ దగ్గర ఖాళీ వదిలి, మూడోదాని మీద బరువు వేసే పద్ధతి ఉంది. ఒళ్లు ఊగేది ఆ ఖాళీలోనే. ఈ రెండూ కలిసే 1990ల మొదట్లో లండన్‌లో జంగిల్, 2009లో వాషింగ్టన్‌లో మూంబాటన్ వచ్చాయి. మేజర్ లేజర్ బృందం 2015లో తెచ్చిన 'లీన్ ఆన్' వీడియో మన దేశంలోనే తీశారు. దానికి ఎగిరిన మాలో ఒక్కరికీ ఆ ఊపు ఎక్కడిదో తెలియదు.

మా పేచీ పేరు దగ్గర, డబ్బు దగ్గర. అదే బృందం 2009లో చేసిన 'పాన్ డి ఫ్లోర్' దరువును బియాన్సే 2011లో తన పాటకు వాడుకుంటే, రచయితల్లో జమైకా గాయకుడు వైబ్జ్ కార్టెల్ అసలు పేరు కూడా వేశారు. అది పద్ధతి. స్టీలీ, క్లీవీ అనే జంట 1989లో చేసిన 'ఫిష్ మార్కెట్' సంగతి వేరు. ఆ దరువు మీదే రెగేటన్ అంతా నిలబడిందంటూ వాళ్ల సంస్థ 2021లో అమెరికా కోర్టుకెక్కింది. స్టీలీ 2009లోనే చనిపోయాడు. 2018లో యునెస్కో రెగేను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సన్మానం మంచిదే, కూలి మాట వేరు.

డప్పు కొట్టిన తాతలున్న ఇళ్ల నుంచే మాలో చాలామంది వచ్చాం. సినిమా పాటలో డప్పు మోగుతుంది, కొట్టినవాడి పేరు మాత్రం చాలాసార్లు కనపడదు. కింగ్‌స్టన్ గొడవ మాకు తొందరగా అర్థమైంది అందుకే.

ఈ ఏడాది కూడా డీజే పెడదాం. ముందు అరగంట డప్పు. తర్వాత ప్రతి పాటకూ పాడినవారి పేరు, దరువు కట్టినవారి పేరు, ఊరు మైకులో చెబుతాం. జాబితా రాసి నోటీసు బోర్డుకు అంటించాం, తప్పులుంటే దిద్దండి. ఆ ప్రశ్న అడిగిన అన్న ఈసారీ తప్పక రావాలి. స్పీకరు పక్కనే కుర్చీ వేసి ఉంచుతాం.