కోర్టు మారింది, కేసూ మారింది

గుడ్ ఫ్రైడే నాడు మా యర్రగొండపాలెం వైపు చాలామంది మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలోనే ఉంటారు. సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి వాక్యం చెప్తుంటే వింటారు. ఇంటికొచ్చాక ఫోన్‌లోనో టీవీలోనో 1978 నాటి ‘కరుణామయుడు’ సినిమా. పిలాతు ముందు నిలబెట్టే సీన్ అయితే అందరికీ కంఠతా వచ్చు. అయినా ఒక్క ప్రశ్న అడిగి చూడండి: యేసుకి శిక్ష పడింది ఏ నేరం కింద? కొందరు ‘దేవుడి కుమారుణ్ణి అన్నందుకు’ అంటారు. కొందరు ‘రాజుని అన్నందుకు’ అంటారు.

రెండూ కరెక్టే. ఎందుకంటే అక్కడ విచారణ రెండుసార్లు జరిగింది. రెండు కోర్టులు, రెండు చట్టాలు, రెండు ఆరోపణలు.

మొదటిది ప్రధాన యాజకుడు కయప ముందు. అక్కడ నడిచేది మోషే ధర్మశాస్త్రం. దాని ప్రకారం మరణశిక్ష వెయ్యాలంటే కనీసం ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పాలి. మార్కు సువార్త చదివితే సాక్షులు చాలామందే వచ్చారు గానీ వాళ్ల మాటలు కలవలేదు. అప్పుడు కయప నేరుగా ముద్దాయినే ‘నువ్వు క్రీస్తువా’ అని అడిగాడు. జవాబు విని బట్టలు చింపుకున్నాడు. దేవదూషణ అన్నారు. లేవీయకాండము ప్రకారం దానికి శిక్ష రాళ్లతో కొట్టి చంపడం.

‘రాత్రిపూట విచారణ చేశారు, వాళ్ల చట్టం ప్రకారమే అది చెల్లదు’ అని చాలా వీడియోల్లో వింటుంటాం. యూదుల మిష్నా గ్రంథంలో అలాంటి నియమాలు ఉన్న మాట నిజమే. ప్రాణం పోయే కేసు పగలే విచారించాలి, దోషి అని చెప్పే తీర్పు అదే రోజు ఇవ్వకూడదు. కానీ మిష్నా గ్రంథరూపం తీసుకున్నది దాదాపు క్రీ.శ. 200లో, అంటే ఈ విచారణ జరిగిన 170 ఏళ్ల తర్వాత. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టం చూపించి 1850 నాటి కేసు చెల్లదంటే ఎలా ఉంటుంది? అందుకే ఆ వాదన కొంచెం జాగ్రత్తగా వాడాలి.

రెండోది పిలాతు ముందు. ఈయన క్రీ.శ. 26 నుంచి 36 దాకా యూదయకి రోమన్ అధిపతి. ఈయన పేరు, పదవి చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. మరణశిక్ష వేసే అధికారం తమకి లేదని మత పెద్దలే పిలాతుతో అన్నట్టు యోహాను రాశాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అడ్మిన్ పర్మిషన్ రోమ్ దగ్గరే ఉంది.

చిక్కల్లా ఏంటంటే, యూదుల దేవుణ్ణి దూషించడం రోమ్‌కి నేరం కాదు. దీనికి సాక్ష్యం బైబిల్లోనే ఉంది. కొన్నేళ్ల తర్వాత కొరింథులో పౌలు మీద ఇలాంటి ఫిర్యాదే వస్తే, గల్లియో అనే రోమన్ అధిపతి అది మీ ధర్మశాస్త్రం గొడవ, మీరే చూసుకోండి అని అందర్నీ పంపించేశాడు.

పిలాతు దగ్గర కూడా అదే జరిగుండేది. అందుకే ఆరోపణ మారింది. లూకా సువార్తలో పిలాతు ముందు పెట్టినవి చూడండి: జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నాడు, కైసరుకి పన్ను కట్టొద్దంటున్నాడు, తానే రాజునంటున్నాడు. దేవదూషణ ఊసే లేదు. మూడూ రాజకీయమే. మనిషి అతనే, ఆ రాత్రి చెప్పిన మాటలూ అవే. కోర్టు మారేసరికి మతం కేసు కాస్తా రాజద్రోహం కేసయింది.

ఏ కేసు నిలిచిందో శిక్షే చెప్తుంది. రాళ్లతో కొట్టలేదు, సిలువ వేశారు. సిలువ రోమ్ తిరుగుబాటుదారులకి, బానిసలకి వేసే శిక్ష. పైన మూడు భాషల్లో పెట్టిన పలక మీద ఉన్నది కూడా యూదుల రాజు అన్న ఆరోపణే.

మరి పిలాతు చేతులు కడుక్కున్నాడు కదా? ఆ ఆచారం ద్వితీయోపదేశకాండములో ఉంది, రోమన్ చట్టంలో లేదు. చేతులు కడిగినా ఆర్డర్ ఇచ్చింది ఆయనే. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా పిలాతు పేరే రాశాడు. ఇది తెలియడం ఎందుకు ముఖ్యమంటే, ‘యూదులే చంపారు’ అనే ఒక్క మాట పట్టుకుని ఐరోపాలో శతాబ్దాల పాటు వాళ్ల మీద దాడులు చేశారు. ఆ నింద అప్పటి యూదులందరి మీదా, ఇప్పటి వాళ్ల మీదా వెయ్యకూడదని కేథలిక్ చర్చి 1965లో రెండో వాటికన్ సభలో స్పష్టం చేసింది.

ఇంకో పోలిక చూడండి. పౌలు రోమన్ పౌరుడు. తన కేసులో ‘కైసరు ముందే చెప్పుకుంటాను’ అనగానే అధిపతి ఆగి, రోమ్‌కి పంపాల్సి వచ్చింది. యేసుకి ఆ పౌరసత్వం లేదు. అలాంటి వాళ్ల విషయంలో అధిపతి తానే విని, తానే తేలుస్తాడు. లాయరు లేడు, అప్పీలు లేదు.

మా నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఒంగోలు వైపు పారుతుంది. ఆ నది ఒడ్డున వెల్లంపల్లిలో 1878 జులై 3న, క్లౌ దొర మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువ మంది మాదిగలు. ఊరి పెద్దలు చెప్పిందే తీర్పుగా బతికిన వాళ్లకి, అప్పీలు లేని ముద్దాయి కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకుండానే అర్థమై ఉంటుందని నాకనిపిస్తుంది.

ఇప్పుడూ పల్లెల్లో రచ్చబండ దగ్గర ‘కట్టు తప్పాడు’ అని మొదలైన గొడవ, స్టేషన్‌కి చేరేసరికి దొంగతనమో బెదిరింపో అయిపోవచ్చు. కట్టు తప్పడానికి సెక్షన్ లేదు కాబట్టి. అప్పుడు అడగాల్సినవి మూడు: అసలు గొడవేంటి, కాగితం మీద రాసిందేంటి, తేల్చే అధికారం ఎవరిది?

తేడా ఏంటంటే, మనందరం పౌలులాగా పౌరులమే. అరెస్టు ఎందుకో తెలుసుకునే హక్కు, లాయర్ని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. దానికి ఫోన్ చెయ్యాల్సిన నంబరు 15100. ఇప్పుడే సేవ్ చేసుకోండి.