పని అడిగితే చాలదు, రసీదు కూడా అడగాలి

యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పినట్టు మన పక్క చెప్పుకుంటారు. బసవన్న కోసం ఎంతకాలమైనా ఎదురుచూడొచ్చు. ఉపాధి పని కోసం కూడా అట్లాగే చూస్తా కూర్చుంటే ఎట్లా తమ్ముడూ? దానికి చట్టం గడువు పెట్టింది. పదిహేను రోజులు.

నిరుద్యోగ భృతి అంటే మనకు ఎన్నికల హామీలే గుర్తొస్తాయి. 2018 అక్టోబర్‌లో మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం మొదట్లో నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చింది. అదీ 22 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండి, డిగ్రీనో డిప్లొమానో చదివినోళ్లకే. 2019లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో నెలకు మూడు వేలు అన్నారు. అహోబిలం పక్క గూడెంలో పదో తరగతి దాటని చెంచు పిల్లోడికి యువనేస్తంలో చోటే లేదు.

కానీ డిగ్రీ అడగని భృతి ఒకటి ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం ఏడో సెక్షన్ చూడండి. జాబ్ కార్డు ఉన్న ఇంట్లో 18 ఏళ్లు నిండినోళ్లు పని అడిగితే 15 రోజుల్లో చూపించాలి. చూపించకపోతే మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత సగం భృతిగా ఇవ్వాలి. 2025-26లో మన రాష్ట్ర కూలి 307 రూపాయలు. అంటే మొదట రోజుకు 76 రూపాయల 75 పైసలు, తర్వాత 153న్నర.

మరి ఎందుకు రాదు? దీని లెక్క తెలుసుకోండి. ఆ చట్టంలో కూలి డబ్బు కేంద్రానిది, భృతి డబ్బు రాష్ట్రానిది. భృతి ఇవ్వాల్సి వస్తే రాష్ట్రం తన జేబులోంచే తీయాలి. తేదీ వేసిన రసీదు మన చేతిలో ఉంటే ఆ బాకీకి సాక్ష్యం ఉన్నట్టే. అందుకే "ఎస్టిమేట్ రాలేదు, పని వచ్చినప్పుడు పేరు రాస్తాలే" అంటారు. పని సిద్ధమయ్యాకే మన డిమాండ్ కంప్యూటర్‌లో ఎక్కిస్తే, ఆలస్యం జరిగినట్టు ఎక్కడా కనపడదు. గూడెం పస్తులున్నా రికార్డు మాత్రం శుభ్రంగా ఉంటుంది.

కాబట్టి నోటిమాటతో వదలొద్దు. కనీసం 14 రోజుల పని కావాలని, ఏ తేదీ నుంచి కావాలో కాగితం మీద రాయండి. పదిమంది కలిసి సంతకాలు, వేలిముద్రలు పెట్టండి. ఫీల్డ్ అసిస్టెంట్ తీసుకోకపోతే మండల ఆఫీసులో ఇవ్వండి. తేదీతో రసీదు ఇవ్వడం వాళ్ల బాధ్యత, మన మీద చూపించే దయ కాదు.

పదిహేను రోజులు దాటితే భృతి కోరుతూ, రసీదు నకలు జతచేసి, మండల ప్రోగ్రాం అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. ఏడు రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే జిల్లా కోఆర్డినేటర్‌గా ఉన్న కలెక్టర్‌కు, అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. సోమవారం నంద్యాల కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. సామాజిక తనిఖీ గ్రామసభలో కూడా ఆ కాగితం చదివి వినిపించండి.

మన వైపు నుంచి కూడా జాగ్రత్త ఉండాలి. పని చూపించినాక 15 రోజుల్లో పోకపోయినా, చెప్పకుండా వారానికి మించి మానేసినా మూడు నెలలు భృతి హక్కు పోతుంది. 2005 చట్టం ప్రకారం ఇంటికి వంద రోజులు పూర్తయితే కూడా భృతి రాదు. అడవిలో అటవీ హక్కుల పట్టా తప్ప వేరే ఆస్తి లేని గిరిజన కుటుంబాలకు మాత్రం 2014 నుంచి ఇంకో 50 రోజులు కలిపారు.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. రోజులు 125 చేసింది. సేద్యం పనుల కాలంలో ఏడాదికి 60 రోజులు ఉపాధి పనులు ఆపమని కూడా చెప్పింది. పొలమే లేని గూడేనికి ఆ 60 రోజులు ఏం తినాలో అడగాల్సింది మనమే. అయితే అడిగిన 15 రోజుల్లో పని, లేదంటే భృతి అన్న మాటను అందులోంచి తీసెయ్యలేదు.

"డెబ్బై ఆరు రూపాయల కోసం నంద్యాలకు బస్సు చార్జీ పెట్టుకోవాలా?" అంటావేమో చెల్లీ. ఒక్కదానివే పోతే నష్టమే. యాభై మంది నెల రోజుల భృతి కలిపితే లక్షా పదిహేను వేలు దాటుతుంది. అంత బాకీ కాగితం మీదికి ఎక్కుతుందంటే, రాలేదన్న ఎస్టిమేట్ వెతికి తెచ్చేదానికి ఆఫీసుకూ ఒక కారణం ఉంటుంది. మనకు కావాల్సింది పనే కదా.

ఈ వారమే మీ గూడెంలో, తండాలో జాబ్ కార్డులన్నీ ఒకచోట పెట్టి చూడండి. ఎవరికి ఎన్ని రోజుల పని మిగిలుందో లెక్క రాసుకుని, అందరూ కలిసి దరఖాస్తు పెట్టండి. రసీదు చేతికొచ్చే దాకా ఆఫీసు గడప దిగొద్దు.