మంచి షెరీఫు చేతిలో సమ్మెట

ఏ ఊళ్ళోనైనా కొత్త అధికారి బాధ్యతలు స్వీకరించాడంటే మన పెద్దలు మొదట వేసే ప్రశ్న ఒకటుంది: "మనిషి ఎలాంటివాడు? మనవాళ్ళ పట్ల సానుభూతి ఉన్నవాడేనా?" ఉన్నవాడేనని తెలిస్తే చాలు, శాలువా, పూలదండ, ఇఫ్తార్ విందులో ముందు వరుసలో కుర్చీ. ఆ తరువాత మహజర్లు రాయడం తగ్గుతుంది, దస్తావేజులు సరిచూసుకోవడం తగ్గుతుంది. ఈ అలవాటుతో మాకు చాలాకాలంగా పేచీ ఉంది. మా వాదానికి సాక్ష్యంగా ఈసారి ఒక దూరదేశపు ఉదంతాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర పోలీసు శాఖలో రిచర్డ్ హాంగిస్టో అనే ఉద్యోగి ఉండేవాడు. శ్వేతజాతీయుడు. అయినప్పటికీ శాఖలో నల్లజాతి తదితర మైనారిటీ పోలీసులు వివక్షకు వ్యతిరేకంగా సంఘం పెట్టుకున్నప్పుడు వారి పక్షాన నిలిచాడు. తోటి ఉద్యోగులలో అనేకులకు అది గిట్టలేదు. 1971లో ఆయన షెరీఫు పదవికి పోటీ చేసి గెలిచాడు. మైనారిటీలు, ఉదారవాదులు, నాడు సంఘం వెలివేసినట్లు చూసిన వర్గాలు ఆయనకు ఓటు వేశాయి. 1975లో మళ్ళీ గెలిచాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన ముంబయి, కోల్‌కతాలలో షెరీఫు పదవి అలంకారప్రాయం. అమెరికాలో అది ప్రజలు ఓటు వేసి ఇచ్చే అధికారం. శాన్‌ఫ్రాన్సిస్కో షెరీఫు జైళ్ళను నడుపుతాడు, కోర్టు ఉత్తర్వులను అమలు జరుపుతాడు. ఇల్లు ఖాళీ చేయించమని ఉత్తర్వు వచ్చిందంటే ఆ తలుపు తట్టవలసినవాడు అతడే.

తట్టవలసిన తలుపులు కియర్నీ వీధిలో ఉన్నాయి. ఇంటర్నేషనల్ హోటల్ అని పేరు గాని, అది యాత్రికుల బస కాదు. ఇరుకైన గదులలో వృద్ధ ఫిలిపినో, చైనా కార్మికులు తక్కువ అద్దెకు తలదాచుకున్న పాత కట్టడం. ఆ ఫిలిపినో వృద్ధులను వారి సమాజం 'మనాంగ్' అంటుంది, అంటే అన్నయ్య అని. 1920లు, 30లలో యువకులుగా వచ్చి కాలిఫోర్నియా పొలాలలో, అలాస్కా చేపల కర్మాగారాలలో ఎముకలు అరగదీసుకున్నవారు. శ్వేతజాతి స్త్రీలను వివాహమాడరాదని కాలిఫోర్నియా చట్టం శాసించింది. స్వదేశం నుండి వచ్చే స్త్రీలు బహు తక్కువ. 1934 చట్టంతో ఫిలిప్పీన్స్ నుండి ఏడాదికి 50 మందికి మించి రానివ్వలేదు. కాబట్టి వారిలో అనేకులు బ్రహ్మచారులుగానే ముసలివారైనారు. ఇల్లు, కుటుంబం, ఇరుగుపొరుగు అన్నీ ఆ ఒక్క కట్టడమే. పది వీధుల మేర వ్యాపించిన మనీలాటౌన్ పేటలో చివరకు మిగిలింది అదే.

దాన్ని పడగొట్టి వాహనాలు నిలిపే స్థలం చేయాలని 1968లో యజమానులు తలపెట్టారు. 1969లో అగ్నిప్రమాదం జరిగి ముగ్గురు చనిపోయారు. తరువాత కట్టడం చేతులు మారి 1973లో ఫోర్ సీస్ అనే సంస్థకు చేరింది. కిరాయిదారుల సంఘం, విద్యార్థులు, చర్చిలు, కార్మిక సంఘాలు కలిసి తొమ్మిదేళ్ళు పోరాడాయి. నగర పాలకులు కట్టడాన్ని సేకరించి కిరాయిదారులకు ఇప్పించే ఉపాయం ఆలోచించారు. కోర్టు దాన్ని అంగీకరించలేదు.

ఖాళీ చేయించమన్న ఉత్తర్వును అమలు చేయడానికి హాంగిస్టో నిరాకరించాడు. కోర్టు ధిక్కారం కింద న్యాయమూర్తి శిక్ష వేశాడు. జైళ్ళను నడిపే షెరీఫు 1977లో ఐదు రోజులు తానే జైలులో ఉన్నాడు. ఇంతవరకు విని లేచిపోయేవాడు ఆయనకు విగ్రహం కట్టించమంటాడు.

1977 ఆగస్టు 4, తెల్లవారకముందే ఆ వీధిలో సుమారు 3,000 మంది చేతులు పెనవేసుకుని కట్టడం చుట్టూ నిలిచారు. వందల సంఖ్యలో పోలీసులు, గుర్రపు దళం వారి మీదికి వచ్చారు. లోపల యాభై మందికి పైబడిన వృద్ధులు. వారి గదుల తలుపులు పగలగొట్టినవారిలో షెరీఫు హాంగిస్టో కూడా ఉన్నాడు. చేతిలో సమ్మెట ఎత్తిన ఆయన ఛాయాచిత్రం ఆ నగర చరిత్రలో నిలిచిపోయింది. ఐదు రోజుల జైలును ఎందరు గుర్తుంచుకున్నారో మాకు తెలియదు గాని, ఆ సమ్మెటను మాత్రం ఎవరూ మరువలేదు.

ఆయనను సమర్థించేవారు చెప్పే మాట మనకు కొత్తది కాదు: "ఆయన చేయకుంటే ఇంకొకడు చేసేవాడు, ఇంకా కఠినంగా చేసేవాడు." ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసి విరమించిన మేము ఈ వాక్యాన్ని ఎన్ని బల్లల వద్ద విన్నామో లెక్కలేదు. తప్పుడు ఫైలు మీద సంతకం పెట్టే ప్రతివాడూ ముందుగా అనుకునేది అదే. ఇంకొకడు చేస్తాడేమో, చేయనివ్వండి. రాజీనామా అనే కాగితం షెరీఫుకు కూడా అందుబాటులోనే ఉంది. పైగా సమ్మెట స్వహస్తాలతో ఎత్తమని ఏ కోర్టు ఉత్తర్వులోనూ రాసి ఉండదు.

అయితే ఆయనను ద్రోహి అని తిట్టి చేతులు దులుపుకునేవారితోనూ మేము ఏకీభవించము. ఆయన నిరాకరణ వలన ఆ వృద్ధులకు కొన్ని నెలలు దక్కాయి, అది చిన్న మేలు కాదు. వారి నెత్తిన పడిన అసలు పిడుగు వేరు. యజమాని పొమ్మంటే పోవలసిందేనన్న చట్టం ముందు పది మంది మంచి షెరీఫులు ఉన్నా ఏమవుతుంది? ఆ నగరంలో కిరాయిదారులకు అద్దె పెంపు నుండి, అకారణ తొలగింపు నుండి రక్షణ ఇచ్చే శాసనం 1979లో గాని రాలేదు. రెండేళ్ళు ఆలస్యం.

మన సంగతి కొంత భిన్నమని పాఠకులు అనవచ్చు, నిజమే. అక్కడ కోర్టు ఉత్తర్వుతో తలుపులు పగిలాయి. మన దేశంలో ఏ ఉత్తర్వూ లేకుండానే బుల్డోజర్లు కదిలాయి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, నోటీసు ఇచ్చి 15 రోజులు ఆగకుండా కూల్చరాదని, ఆదేశాలను ఉల్లంఘించిన అధికారి సొంత డబ్బుతో నష్టం పూడ్చాలని చెప్పింది. ఆ తీర్పు ప్రతి మన బస్తీలలో ఎన్ని ఇళ్ళలో ఉంది? అధికారితో దిగిన ఫోటోలు మాత్రం గోడగోడకూ ఉన్నాయి.

హాంగిస్టో తరువాతి జీవితం కూడా తెలుసుకోదగినదే. 1977 చివర క్లీవ్‌లాండ్ పోలీసు అధిపతిగా వెళ్ళాడు. కొద్ది నెలలకే, 1978 మార్చిలో గుడ్‌ఫ్రైడే నాడు, మేయరు డెనిస్ కుసినిచ్ టెలివిజన్ కెమెరాల ఎదుటే ఆయనను తొలగించాడు. తిరిగివచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో పాలకమండలిలో సభ్యుడైనాడు. 1992లో అదే నగర పోలీసు అధిపతి అయినాడు. రాడ్నీ కింగ్‌ను కొట్టిన పోలీసులను విడిచిపెట్టిన తీర్పుపై జనం వీధులకెక్కగా, మైనారిటీల ఓట్లతో పైకి వచ్చిన ఈ మనిషి హయాములోనే పోలీసులు మూకుమ్మడి అరెస్టులు చేశారు. దానిపై ఆయనను ఎగతాళి చేస్తూ స్వలింగ సంపర్కుల పత్రిక ఒకటి బొమ్మ వేసింది. ఆ పత్రిక ప్రతులను పోలీసులు రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు. ఆ వ్యవహారంలో ఆయన ఉద్యోగం కొద్ది వారాలకే ఊడింది. ఒకనాడు తనకు ఓటేసినవారి పత్రికే అది.

ఇంటర్నేషనల్ హోటల్‌ను తరువాత కూల్చివేశారు. స్థలం ఏళ్ళ తరబడి గుంటగా పడి ఉంది. అక్కడ మరేదీ లేవకుండా కాపాడినది ఏ అధికారీ కాదు. నాటి విద్యార్థులు, కిరాయిదారుల సంఘంవారు సమావేశాలకు వెళుతూ, అర్జీలు పెడుతూ, నిధులు కూడగడుతూ నడివయసుకు వచ్చారు. 2005లో అదే చోట వృద్ధుల కోసం తక్కువ అద్దెకు 104 ఇళ్ళ భవనం తెరుచుకుంది. అప్పటికి వెళ్ళగొట్టబడిన వృద్ధులలో అత్యధికులు కన్నుమూశారు. హాంగిస్టో అంతకు ముందు ఏడాదే మరణించాడు.