చెయిన్ ఊడలేదు

నేను గవర్నమెంటు బడిలో పంతులమ్మని. మాదిగదాన్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఇంటి నుంచి బడికి నాలుగు కిలోమీటర్లు, రోజూ సైకిల్ మీద పోతాను. ఈ నాలుగు మాటల్లో మొదటి మూడింటికీ ఎవరూ నవ్వరు. కనీసం మొహం మీద నవ్వరు. నాలుగో మాటకి నవ్వుతారు.

"ఏందండీ మేడం, అంత జీతం తీసుకుంటా ఇంకా సైకిలేనా? వాయిదాల మీద స్కూటీ తీసుకోవచ్చు గదా" అంటాడు తోటి మాస్టారు. ఎంత చదివినా వీళ్ళ బుద్ధి ఇంతే అని ఆయన నోటితో అనడు, చూపుతో అంటాడు. మా పల్లెలో వాళ్ళేమో "ఉద్యోగం వచ్చింది గదే, ఇంకా కూలోళ్ళ మాదిరి ఆ సైకిలేందే" అంటారు. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్తాను. నాకు సైకిల్ తొక్కటం సరదా.

ఈ ఒక్క మాట పైకి చెప్పటానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్తా, వినండి.

మా నాయన పాలేరు. మా ఇంట్లో ఒక పాత సైకిలుండేది. బార్‌కి గుడ్డ చుట్టి, దాని మీద నన్ను కూచోబెట్టుకుని సంతకి తీసకపోయేవాడు. మా పల్లె నుంచి పెద్ద రోడ్డెక్కాలంటే ఊరి మధ్యలోంచి పోవాలి. ఊరి మొగదల వేపచెట్టు కాడికి రాగానే నాయన దిగేవాడు. నన్నూ దించేవాడు. ఆసాముల బజారంతా సైకిల్ నడిపించుకుంటా, అరుగుల మీద ఎవరన్నా కూచుని ఉంటే తల వంచుకుని పోయేవాడు. ఊరు దాటినాక మళ్ళీ ఎక్కేవాడు. "ఎందుకు నాయనా దిగావు?" అంటే "చెయిన్ ఊడిందమ్మా" అనేవాడు. పోయేటప్పుడూ ఊడేది, వచ్చేటప్పుడూ ఊడేది. ఎప్పుడూ ఆ వేపచెట్టు కాడే ఊడేది. నేను నమ్మాను. చానా ఏళ్ళు నమ్మాను.

ఇది తాతల నాటి కథ కాదు. 1995 ప్రాంతం సంగతి. కారంచేడు జరిగి పదేళ్ళు, చుండూరు జరిగి నాలుగేళ్ళు. దిగమని నాయనకి రోజూ ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఇంక చెప్పే పని లేకుండా ఎప్పుడో చెప్పేశారు.

సైకిల్ అంటే మాకు బండి కాదు, ఎత్తు. తొక్కేవాడు నిలబడ్డవాడి కంటే జానెడు పైనుంటాడు. అరుగు మీద కూచున్నోడికి ఎదురుగా, అతని కళ్ళ ఎత్తున పోతాడు. ఆ జానెడు ఎత్తునే వాళ్ళు ఓర్చుకోలేకపోయారు. చెప్పులు తొడుక్కుని నడిస్తే ఎందుకు మండిందో, సైకిలెక్కితే కూడా అందుకే మండింది.

నాయన దిగింది ఊరి కోసం. నేను ఎక్కకుండా ఆగింది ఇంటి కోసం. ఆ సంగతి కూడా దాచుకోకూడదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు గంటకి రెండు రూపాయలకి సైకిల్ అద్దెకిచ్చేవాళ్ళు. అన్న తెచ్చేవాడు. వాడు కడుపునిండా తొక్కి, చివరి పది నిమిషాలు నాకిచ్చేవాడు. సీటు అందదు. బార్ కింద నుంచి కాలు అవతలికి పెట్టి, ఒంటిని పక్కకి వంచి, సమాధుల దొడ్డి పక్కన ఖాళీ జాగాలో తొక్కేదాన్ని. మోకాళ్ళు చీరుకుపోయేవి. ఒకరోజు అమ్మ చూసింది. చీపురు తీసుకుని వచ్చింది. "ఆడపిల్లకి కాళ్ళు చాపే పనేందే? తగలరాని చోట తగిలితే నిన్నెవడు చేసుకుంటాడు?" అంది. అన్న మోకాలు చీరుకుంటే కొబ్బరినూనె రాసిన చెయ్యే అది.

హైస్కూలు ఐదు కిలోమీటర్లు. అన్నకి సైకిల్ కొన్నారు. నేను నడిచాను. ఒకే రోడ్డు, ఒకే బడి. వాడు నన్ను దాటి పోయేవాడు. వెనక ఎక్కించుకుంటే తోటి మగపిల్లలు ఎగతాళి చేస్తారని వాడి బాధ. మా పల్లె నుంచి ఆ ఏడు ఆరుగురం ఆడపిల్లలం చేరాం. వానాకాలం ఇద్దరు మానేశారు. రోడ్డు పక్క చేలగట్ల మీద నుంచి పడే మాటలకి ఇంకో ఇద్దరు మానేశారు. ఒకదానికి పెళ్ళయింది. పదో తరగతి పాసయింది నేనొక్కదాన్నే. ఆ ఐదుగురికీ తెలివి తక్కువై కాదు. వాళ్ళకీ బడికీ మధ్య ఐదు కిలోమీటర్లు ఉండటమే వాళ్ళ తప్పు.

ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో అమ్మకి చీర కొన్నాను, నాకు సైకిల్ కొన్నాను. మొదటిరోజు వేపచెట్టు కాడ కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఎవరూ ఏమీ అనలేదు, అయినా ఆగాయి. అప్పుడు అర్థమైంది చెయిన్ ఎక్కడ ఊడేదో. పళ్ళ బిగువున తొక్కాను. బెల్లు కొట్టాను. దారిలో మనిషి లేడు, గేదె లేదు, ఊరికే కొట్టాను. అరుగు మీద నుంచి ఒక పెద్దాయన "ఎవరమ్మా అది, పాలేరు కూతురా? పంతులమ్మవయ్యావంట, నడిచిపోతే అందరికీ కనపడతావు గదా" అన్నాడు. ఇదివరకు "దిగరా" అన్న నోరే అది. ఇప్పుడు "అమ్మా" తగిలించి అదే మాటంది.

కాలవ వంతెన దాటాక చిన్న పల్లం ఉంది. అక్కడ తొక్కక్కర్లేదు. కాళ్ళు ఆపి కూచుంటే సైకిల్ అదే పోద్ది. చెవుల్లో గాలి, కొంగులో గాలి. అర నిమిషం కూడా ఉండదు. ఆ అర నిమిషం నేను ఎవరి కూతుర్నీ కాదు, ఎవరి పెళ్ళాన్నీ కాదు, ఏ కులందాన్నీ కాదు. అదీ నా సరదా.

ఇప్పుడు నగరాల్లో చదువుకున్న ఆడవాళ్ళు తెల్లారుజామున సైకిళ్ళు తొక్కుతున్నారు. హెల్మెట్లు, గ్లౌజులు, గేర్ల సైకిళ్ళు. రోజూ తొక్కే ఉత్సాహం ఎట్లా తెచ్చుకోవాలని వాళ్ళ పత్రికల్లో వ్యాసాలొస్తాయి. నేను వాళ్ళని వెక్కిరించను. రోడ్డు మీద ఆడదానికి ఎదురయ్యే వెధవలు వాళ్ళకీ ఎదురవుతారు. కాని అక్కా, ఉత్సాహం మాకు తక్కువై కాదు. ఉన్న ఉత్సాహాన్ని ఊరూ ఇల్లూ కలిసి వేపచెట్టు కాడ దించేశాయి. సామాన్ల సంగతంటారా, మా సామాన్లు వేరు. బార్ లేని లేడీస్ సైకిల్ కావాలి, చీరతో ఎక్కి దిగటానికి. చెయిన్‌కి నిండా కవరుండాలి, లేకపోతే కుచ్చిళ్ళు నమిలేస్తది. కొంగూ చున్నీ చక్రంలో పడకుండా వెనక వల ఉండాలి. నెల రోజుల్లో నొప్పెట్టకుండా వెడల్పు సీటుండాలి. సీటు మరీ కిందికి దించితే మోకాళ్ళు పోతాయి. పెడలు అడుక్కి పోయినప్పుడు కాలు దాదాపు చాపుకునేట్టు ఉండాలి. లారీలు తిరిగే రోడ్డు, కాబట్టి వెనక ఎర్ర బిళ్ళ మెరవాలి. అన్నిటికంటే ముందు పంచరు వేసుకోవటం రావాలి. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచి బుడగలొచ్చే చోటు పట్టుకుని, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి కాసేపు ఆరనిచ్చి ప్యాచీ అంటించటం. టైరు లోపల ముల్లుందేమో వేలితో తడిమి చూడటం. ఇది తెలియని ఆడదాని సైకిల్, రిపేరు తెలిసిన మగోడి చేతిలో ఉన్నట్టే.

ఇంక నా అసలు గొడవకి వస్తాను. ఇది ఊరితో కాదు, మనవాళ్ళతో.

2019కి ముందు 'బడికొస్తా' అని పేరుపెట్టి మన గవర్నమెంటు తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చింది. మా బడిలో మా పల్లె పిల్లే ఒకతి సైకిల్ తీసుకుంది. బెల్లు కొట్టుకుంటా ఇంటికి పోయింది. పదిహేను రోజులకి మళ్ళీ నడిచొస్తంది. సైకిల్ ఏదే అంటే తల వంచుకుంది. వాళ్ళ నాయన దగ్గరికి పోయాను. వరసకి నాకు బాబాయి. సంఘంలో తిరిగే మనిషి, ఏప్రిల్ పద్నాలుగున అంబేడ్కర్ బొమ్మకి దండ వేసే మనిషి.

"బాబాయ్, అది పిల్ల చదువు కోసం ఇచ్చింది" అన్నాను.

"నిజమే టీచరమ్మా. పెద్దోడు కాలేజీకి పోవాల. వాడిదీ చదువే గదా. వాడికి దూరమెక్కువ. ఇది నడవగలదు" అన్నాడు.

నా నోట మాట రాలేదు. అవసరం అని నేనన్నాను. అంతకంటే పెద్ద అవసరం చూపించాడు ఆయన. లెక్కలో ఆయనే గెలిచాడు. ఆ పిల్లకి పదో తరగతి కాగానే పెళ్ళి చేశారు. ఆరోజు నేను అనాల్సిన మాట వేరే ఉంది. "అది దానిది బాబాయ్. దానికి ఇష్టం. దానికి సరదా" అనాల్సింది. అనలేదు. నాకే సిగ్గేసింది. సరదా మనకెక్కడిది అని నా లోపలా ఉంది.

ఆలోచించండి. ఆడపిల్ల సైకిల్‌ని ఎప్పుడు ఒప్పుకుంటారు? అవసరమైతేనే. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి పిల్లలకి సైకిల్ పథకం పెట్టారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారనీ, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కగట్టారు. గొప్ప సంగతే. నా ఐదుగురు గుర్తొచ్చి ఏడుపొచ్చింది చదివితే. కాని ఆ లెక్కలో పిల్లల నవ్వు ఎంత శాతం పెరిగిందో లేదు. 2020 లాక్‌డౌన్‌లో దర్భంగా జిల్లా దళిత పిల్ల, పదిహేనేళ్ళది, దెబ్బ తగిలిన తండ్రిని వెనక ఎక్కించుకుని గురుగ్రామ్ నుంచి దాదాపు పన్నెండు వందల కిలోమీటర్లు తొక్కింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. అమెరికా నుంచి కూడా మెచ్చుకున్నారు. రైళ్ళు ఆపేసి, కూలి ఆపేసి, ఆ పిల్లని రోడ్డు మీద పడేసిందెవరని తక్కువమంది అడిగారు. మన ఆడపిల్ల కష్టపడుతూ తొక్కితే వీరవనిత. అదే పిల్ల సాయంత్రం పూట ఊరికే చెరువుకట్ట మీద తొక్కితే "బరితెగించింది". చప్పట్లు కొట్టేది మన కష్టానికే, మనకి కాదు.

అన్నలారా, మీకు మహద్ గురించి నేను చెప్పక్కర్లేదు. 1927లో బాబాసాహెబ్ చౌదారు చెరువుకి నడిచాడు. దాహం తీర్చుకోవటానికి మాత్రమే పోవటం లేదు, మేమూ మనుషులమేనని నిలబెట్టటానికి పోతున్నాం అని ఆయనే చెప్పాడు. నీళ్ళు మనకి వట్టి అవసరం కానప్పుడు, మీ చెల్లెలికి సైకిల్ వట్టి అవసరం ఎట్లా అవుద్ది? జయంతి రోజు మీరు మోటారుసైకిళ్ళ మీద జెండాలు కట్టుకుని ఊరి మధ్యలోంచి ర్యాలీ తీస్తారు. వేపచెట్టు కాడ హారన్ కొడతారు. నాకూ ఒళ్ళు పులకరిస్తది. వెనక ట్రాక్టర్‌లో మమ్మల్ని కుక్కి తీసుకొస్తారు. ఊరు మిమ్మల్ని దించినట్టే మీరు మమ్మల్ని దించారు. ఆత్మగౌరవానికి వెనక సీటు ఉండదు.

ఆడవాళ్ళు అడిగి తెచ్చుకున్నవి కూడా ఉన్నాయి. అక్షరాస్యత ఉద్యమం నెల్లూరు జిల్లా దూబగుంటకి వచ్చినప్పుడు, 1992లో, పలక పట్టిన చేతులే సారా అంగళ్ళు మూయించాయి. అదే రోజుల్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అదే ఉద్యమం, అరివొళి పేరుతో, ఆడవాళ్ళకి అక్షరాలతోపాటు సైకిల్ నేర్పింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ అండగా నిలబడింది. క్వారీ కూలీలు, పొలం కూలీలు, అంగన్‌వాడీ వాళ్ళు, పంతులమ్మలు లక్షమంది దాకా సైకిళ్ళెక్కారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే మగోళ్ళ సైకిళ్ళే ఎక్కారు. బార్ మీద బిడ్డని కూచోబెట్టుకోవచ్చని అవే కావాలన్నవాళ్ళు కూడా ఉన్నారు. పి. సాయినాథ్ రాశాడు ఆ సంగతంతా. నీళ్ళు మోయటం, సంతకి పోవటం సులువైందని వాళ్ళు చెప్పారు. దానికి మించి, బస్సు కోసం, మగోడి కోసం ఎదురుచూడక్కర్లేదన్నారు. ఆ రెండో మాటే నాకు కావాలి.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు మా బడి ఆవరణలో నా సైకిలూ, ఇంకో రెండు పాత సైకిళ్ళూ పెట్టి నేర్పుతున్నాను. పిల్లలకే అనుకున్నాను, తల్లులొచ్చారు. పడతారు, నవ్వుతారు, మళ్ళీ ఎక్కుతారు. ఏ పథకం కింద, ఏం ప్రయోజనం అని అడిగాడొకాయన. ఏ ప్రయోజనమూ లేదన్నాను.

నాయన పోయి ఆరేళ్ళయింది. మొన్న అమ్మని వెనక కూచోబెట్టుకుని ఆస్పత్రికి తీసకపోతున్నా. వేపచెట్టు కాడికి రాగానే నడుం మీద చెయ్యేసి "ఆపవే, దిగుతా" అంది.

"చెయిన్ ఊడలేదమ్మా, కూచో" అన్నాను.

అమ్మ కూచుంది. పెద్ద బజారంతా కూచునే వచ్చింది. కాలవ వంతెన పల్లంలో నా కొంగు పట్టుకుని చిన్నపిల్ల మాదిరి నవ్వింది. నన్ను చీపురుతో కొట్టిన మనిషి.

అన్నలారా, తమ్ముళ్ళారా, సంఘం బాబాయిలారా, మీ ఇంట్లో ఆడపిల్ల పేరున వచ్చిన సైకిల్ ఎవరి కాళ్ళ కింద ఉందో ఈ రాత్రి ఇంటికి పోయి చూడండి. తెచ్చి దాని చేతికివ్వండి. ఎక్కడికి పోతున్నావే అని అడగొద్దు.