తూటా చేయలేనిది గోళీ చేసింది

2014 డిసెంబర్ 30 తెల్లవారుజామున పశ్చిమ ఆఫ్రికాలోని చిన్న ముస్లిం దేశం గాంబియాలో, రాజధాని బంజుల్‌లోని అధ్యక్ష భవనంపై సాయుధుల దాడి జరిగింది. అధ్యక్షుడు యాహ్యా జామె ఆ సమయంలో దేశంలో లేడు. ఒకప్పుడు ఆయన రక్షకదళానికే నాయకత్వం వహించిన లామిన్ సన్నెహ్, కొందరు ప్రవాస గాంబియన్లు కలిసి చేసిన ఆ ప్రయత్నం కొద్ది గంటల్లోనే విఫలమైంది. సన్నెహ్ సహా కొందరు ప్రాణాలు కోల్పోయారు.

జామె నిరంకుశుడనడంలో మాకు సందేహం లేదు. 1994లో ఆయన గద్దెనెక్కింది కూడా సైనిక తిరుగుబాటుతోనే. పత్రికల నోరు నొక్కాడు, విమర్శకులను చెరసాలల్లో కుక్కాడు. అయినా ఆ దాడిని మేము సమర్థించలేము. ఒక సైనికుని చేతి నుండి మరొక సైనికుని చేతికి మారే అధికారంలో ప్రజలకు చోటెక్కడిది?

ఆ వైఫల్యానికి మూల్యం చెల్లించినది నిరపరాధులు. దాడిలో పాల్గొన్నవారి తల్లులు, తోబుట్టువులు, బంధువులు నెలల తరబడి నిర్బంధంలో మగ్గి, 2015 జులైలో గాని బయటపడలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో జామె తన దేశాన్ని ఇస్లామీ గణతంత్రంగా ప్రకటించాడు! ఒకరి నేరభారాన్ని మరొకరిపై మోపరాదన్నది ఇస్లామీ న్యాయానికి పునాది. ఆ పునాదిని పెకలించి పైన ఇస్లాం పేరు చెక్కినంత మాత్రాన అది ఇస్లామీ రాజ్యమవుతుందా? నిందితుని ఇల్లు కూల్చి అతని కుటుంబాన్ని వీధిపాలు చేయడాన్ని మన దేశంలో ఖండిస్తున్న మనం, అదే దౌర్జన్యం ముస్లిం పాలకుడు చేసినప్పుడు మౌనం వహించడం న్యాయం కాదు.

గాంబియాలో ఓటంటే అభ్యర్థి రంగు పూసిన డబ్బాలో జారవిడిచే గాజుగోళీ. 2016 డిసెంబర్ 1న ఆ గోళీలే జామెను ఓడించి ఆదామా బారోను గెలిపించాయి. మొదట ఓటమిని అంగీకరించిన జామె పిదప మాట తప్పాడు. పొరుగు దేశాల సేనలు కదిలివచ్చిన మాట నిజమే; కాని వాటిని కదిలించినది ప్రజాతీర్పు. 2017 జనవరిలో జామె దేశం విడిచి వెళ్ళాడు.

ఆ గాంబియాయే 2019 నవంబర్‌లో రోహింగ్యా ముస్లింల పక్షాన మయన్మార్‌పై అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది. సంపన్న ముస్లిం దేశాలు ముందుకు రాని చోట ఈ పేద దేశం నిలబడింది. తన ఇంట న్యాయాన్ని నిలుపుకున్న జాతికే పరుల కోసం న్యాయం అడిగే నైతిక బలం కలుగుతుంది. దౌర్జన్యాన్ని సహించవద్దు, దాన్ని తొలగించేందుకు దౌర్జన్యాన్నే ఆశ్రయించవద్దు. మన చేతిలోని ఓటు విలువను గుర్తెరుగుదాం.