అద్దె మాటకు ముందు కరెంటు బిల్లు

చలి ఎక్కువుండే అరకులోయ, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో అద్దె ఇంటి అసలు ఖర్చు డిసెంబరు కరెంటు బిల్లు చేతికొచ్చాక గానీ తేలదు. 1/70 చట్టం ప్రకారం ఈ ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు ఇల్లు, స్థలం కొనడానికి వీల్లేదు. మైదానం నుంచి బదిలీపై వచ్చిన టీచరైనా బ్యాంకు ఉద్యోగైనా అద్దెకు దిగాల్సిందే. ఇల్లు చూసేటప్పుడు నీళ్ల సంగతి అడుగుతారు, మీటరు సంగతి అడగరు. అడక్కుండానే యజమాని చెప్పి తీరాలన్న నిబంధన రావాలి.

ఇంగ్లండులో అద్దె ఇంటికి ఇంధన రేటింగు పత్రం తప్పనిసరి. 2018 ఏప్రిల్ నుంచి అట్టడుగు ఎఫ్, జి శ్రేణుల ఇళ్లను కొత్తగా అద్దెకివ్వడం, కొన్ని మినహాయింపులు తప్ప, నిషేధం. మన దేశంలో అదే ఏడాది వచ్చిన ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ కొత్త కట్టడాల కోసం రాసింది. కొండమీది పాత పోర్షన్లకు అది అందదు. ఇక్కడ అద్దెదారుకు కనిపించే రేటింగల్లా గీజరు మీది స్టార్ గుర్తే. కాచిన నీళ్లు ట్యాంకులో ఉండగా ఎంత వేడి వృథాగా పోతుందన్నదే ఆ గుర్తు చెప్పేది. స్నానానికి ముందు వేసి వెంటనే కట్టేసే ఇంట్లో దానివల్ల తేడా స్వల్పం. రోజంతా స్విచ్చి వేసి ఉంచే ఇంట్లో ఎక్కువ. ప్రమాణాలు ఎప్పటికప్పుడు కఠినమవుతాయి కాబట్టి లేబుల్ మీది సంవత్సరమూ చూడాలి.

అసలు దెబ్బ రూమ్ హీటరుది. 2,000 వాట్ల హీటరు గంటకు 2 యూనిట్లు తాగుతుంది. రాత్రికి నాలుగు గంటలు వేస్తే నెలకు 240. మామూలుగా 100 యూనిట్లు వాడే ఇల్లు 340కి చేరుతుంది. 2022-23 టారిఫ్ శ్లాబుల ప్రకారం వినియోగ ఛార్జీ దాదాపు 305 రూపాయల నుంచి 2,023 రూపాయలకు ఎగబాకుతుంది. వాడకం మూడింతలు దాటితే ఖర్చు ఆరింతలు దాటిందన్నమాట. ఆ శ్లాబుల్లో 225 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్ 8.75 రూపాయలు మరి. సర్దుబాటు ఛార్జీలు వేరే.

ఒకే మీటరు మీద రెండు పోర్షన్లుంటే అన్యాయం ఇంకా స్పష్టం. చెరి 150 యూనిట్లు వాడితే, అవే శ్లాబుల ప్రకారం వేర్వేరు మీటర్లుంటే ఇద్దరికీ కలిపి 1,134 రూపాయలు. ఒకే మీటరైతే 1,673. ఆ 539 రూపాయలకు ఎవరికీ అదనంగా ఒక్క యూనిట్ రాదు. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కింతని వసూలు చేసే యజమాని ఈ లెక్క చెప్పడు.

రేకుల ఇంట్లో, తలుపు కింద వేలు దూరేంత సందున్న గదిలో హీటరు వేడి నిలవదు. సీలింగు వేయించాల్సింది యజమాని, బిల్లు కట్టేది అద్దెదారు. ఇక సీలింగు ఎందుకు పడుతుంది? బిల్లుకు జడిసి మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

అందుకే గత డిసెంబరు, జనవరి బిల్లులను అడ్వాన్సు తీసుకోవడానికి ముందే యజమాని చూపించాలి. సర్వీసు నంబరు ఒప్పందంలో రాయాలి. ప్రతి పోర్షన్‌కూ విడి సర్వీసును విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ తప్పనిసరి చేయాలి. అది వచ్చేదాకా, విడి మీటరుంటే ఎంతయ్యేదో అంతకు మించి అద్దెదారు దగ్గర వసూలు చేయకూడదు. మిగతాది యజమానే భరించాలి.