చేపల తొట్టెలో పాచి: వెలుతురుకూ మితం ఉండాలి

కర్నూలు జిల్లా నుండి ఒక సోదరి ఇలా రాశారు: "మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఈదీ డబ్బులు కూడబెట్టుకొని రెండడుగుల గాజు తొట్టె, చేపలు, నీటిమొక్కలు కొనుక్కున్నాడు. రెండు నెలలకే అద్దాలన్నీ పచ్చబడ్డాయి. మొక్కల ఆకులకు దారాల వంటి పాచి అల్లుకుంది. తొట్టెనంతా ఖాళీ చేసి, సబ్బుతో కడిగి, మళ్ళీ నింపాము. నాలుగు రోజుల్లో మూడు చేపలు చనిపోయాయి. మూడు వారాల్లో పాచి తిరిగి వచ్చింది. దుకాణదారు పాచిని చంపే మందు సీసా ఇచ్చాడు. దానిని వాడమంటారా? ఇంట్లో పెద్దవారు తొట్టెను తీసివేయమంటున్నారు. అబ్బాయి మాత్రం మిగిలిన చేపల ముందు నుండి కదలడం లేదు."

సోదరీ, ముందుగా జవాబు, ఆ తరువాత కారణం. మందు సీసాను మూత తీయకుండా పక్కన ఉంచండి. తొట్టెను తీసివేయవలసిన అవసరం లేదు. ఈ రోజు నుండే దీపం వెలిగే సమయాన్ని ఆరు గంటలకు తగ్గించండి. మీరు రాసిన చిక్కుకు మూలం చాలావరకు ఆ దీపంలోనే ఉన్నట్లు తోస్తున్నది.

పాచి ఎక్కడి నుండో వచ్చి పడిన రోగం కాదు. దాని బీజాలు గాలిలో, నీటిలో, మొక్కల ఆకులపై ఎల్లప్పుడూ ఉంటాయి. నేలపై జీవులు పీల్చే ప్రాణవాయువు ఉత్పత్తిలో దాదాపు సగం సముద్రాలలోని ఇటువంటి సూక్ష్మజీవుల పుణ్యమే. కాబట్టి పాచి పుట్టడంలో వింత ఏమీ లేదు. అది ఎందుకు పెచ్చుపెరిగిందన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

దీనికి సమాధానం మొక్క తీరులో ఉంది. వెలుతురు మొక్కకు ఆహారం కాదు, ఆకలి. దీపం ఎంత తీవ్రంగా, ఎంతసేపు వెలిగితే మొక్క అంతగా బొగ్గుపులుసు వాయువును, నత్రజనిని, భాస్వరాన్ని, పొటాషియాన్ని, ఇనుమును కోరుతుంది. వీటిలో ఏ ఒక్కటి చాలకపోయినా, మిగిలినవన్నీ సమృద్ధిగా ఉన్నా, మొక్క ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇదే. నీటి తొట్టెలో సాధారణంగా ముందు తరిగిపోయేది బొగ్గుపులుసు వాయువు. గాలిలో కంటే నీటిలో అది దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది గనుక, ఆకు అంచున ఉన్నది ఖర్చయితే కొత్తది వచ్చి చేరడానికి చాలా సమయం పడుతుంది. మొక్క నిస్సహాయంగా నిలిచిపోతుంది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు ఆ మిగులు వెలుతురును, నీటిలో మిగిలిన ఎరువును అతి తక్కువ అవసరాలు గల పాచి అందిపుచ్చుకుంటుంది. విందులో అతిథులు తినలేక లేచిపోతే, వడ్డించినదాని మీద ఈగలు వాలడం వంటిదే ఇది. ఈగలను కొట్టినంత మాత్రాన లాభం లేదు. వడ్డన తగ్గించాలి.

ఇక మీ తొట్టె లెక్క చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టెలో అంచుల దాకా నింపితే సుమారు 54 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోగా 45 లీటర్లు మిగులుతాయి. బొగ్గుపులుసు వాయువు సిలిండరు అమర్చని ఇటువంటి తొట్టెకు లీటరుకు 20 ల్యూమెన్ల వెలుతురు సరిపోతుంది, అంటే మొత్తం 900 ల్యూమెన్లు. ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చే వెలుతురు దాదాపు ఇంతే. దుకాణాల్లో తొట్టెతో పాటు ఇచ్చే దీపాలు కొన్ని దీనికి రెండు మూడు రెట్లు ఉంటాయి. వాట్లను చూసి దీపాన్ని ఎంచుకునే పద్ధతి ట్యూబులైట్ల కాలం నాటిది. వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయే గాని వెలుతురును చెప్పవు. పెట్టెపై ల్యూమెన్ల అంకె చూడండి. రంగు విషయంలో 6500 కెల్విన్ల తెల్లని పగటి వెలుతురు చాలు. నీలం, ఎరుపు దీపాలకు అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. ఉన్న దీపం తీవ్రమైనదైతే, దానిని మార్చే ముందు అరడుగు పైకి ఎత్తి చూడండి. నీటిపై మూడో వంతు వరకు అంతరతామర మొక్కలు వేసినా నీడ పడుతుంది. అవి నీటిలోని ఎరువును వేగంగా పీల్చుకుంటాయి కూడా.

తొట్టె కిటికీ పక్కన ఉందేమో కూడా గమనించండి. గదిలో దీపం కింద కొన్ని వందల లక్సుల వెలుతురు ఉంటే, మిట్టమధ్యాహ్నపు ఎండలో దాదాపు లక్ష లక్సులు ఉంటుంది. రోజూ గంటసేపు నేరుగా ఎండ పడితే మీరు దీపం విషయంలో పాటించే మితమంతా వృథా అవుతుంది. తొట్టెను జరపలేకపోతే కిటికీకి పరదా వేయండి, లేదా తొట్టె వెనుక అద్దానికి నల్ల కాగితం అతికించండి.

వెలుతురు ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్నదీ ముఖ్యమే. చాలా ఇళ్ళలో ఉదయం లేవగానే దీపం వేస్తారు, పడుకునేటప్పుడు ఆర్పుతారు. పద్నాలుగు, పదహారు గంటలు గడిచిపోతాయి. మరికొందరు మగ్రిబ్ వేళకు వేస్తామని చెబుతారు. ఆ వేళ రుతువును బట్టి గంటకు పైగా మారుతుంది. మొక్కలకు స్థిరమైన గంటలు కావాలి. కరెంటు సామాన్ల దుకాణంలో టైమర్ సాకెట్ దొరుకుతుంది. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరే సమయం చూసుకొని, సాయంత్రం 4:30 నుండి రాత్రి 10:30 వరకు పెట్టండి. పాచి తగ్గి, మొక్కలు కొత్త ఆకులు వేయడం మొదలుపెట్టాక వారానికి అరగంట చొప్పున పెంచుతూ ఎనిమిది గంటల వద్ద ఆపండి.

ఇప్పుడు చనిపోయిన చేపల సంగతి. సబ్బుతో కడగడమే కారణం కావచ్చు. సబ్బు ఆనవాళ్ళు చేపల మొప్పలకు హాని చేస్తాయి. దానికి మించిన నష్టం మరొకటి ఉంది. చేపల విసర్జన వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది విషం. ఫిల్టరు స్పాంజిలోను, ఇసుకలోను, రాళ్ళపైన నివసించే మేలుచేసే సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైట్‌గా, పిదప అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్‌ను మొక్కలు వాడుకుంటాయి. ఈ సూక్ష్మజీవులు స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతా కడిగివేస్తే ఆ సముదాయం ఒక్క పూటలో నశిస్తుంది. చేపలు తమ విసర్జనలోనే చిక్కుకుంటాయి. అందుకే ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగరాదు. తొట్టె నుండి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండి తిరిగి పెట్టాలి.

మందు సీసా విషయంలో కూడా భయం ఇటువంటిదే. ఒక్కసారిగా చచ్చిన పాచి కుళ్ళుతుంది, కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తీసుకుంటుంది, మళ్ళీ అమ్మోనియాను వదులుతుంది. మన వేసవిలో నీరు వెచ్చబడి ప్రాణవాయువు ముందే తగ్గి ఉంటుంది. తెల్లవారేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరిచి తపిస్తాయి. రాగి కలిసిన మందులైతే నత్తలకు, రొయ్యపిల్లలకు ప్రాణాంతకం. ఇంత జరిగినా దీపం మారలేదు గనుక పాచి మళ్ళీ వస్తుంది.

నీటిలో మొక్కలు, చేపలు కలిసి నిలకడగా బతకగలవా అన్న ప్రశ్నను పరీక్షించి చూసినవారిలో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ఒకరు. 1850లో ఆయన తన ప్రయోగాన్ని అక్కడి రసాయన సంఘానికి నివేదించారు. గాజుపాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను ఉంచారు. మొదట బాగానే ఉంది. తరువాత ముదురు ఆకులు కుళ్ళి నీరు మసకబారింది, పాత్ర గోడలకు ఆకుపచ్చని జిగట పట్టింది. ఆయన నీటి నత్తలను కొన్నింటిని వదిలారు. అవి కుళ్ళిన ఆకులను, జిగటను తిని నీటిని తేటపరిచాయి. వాటి గుడ్లలో కొన్ని చేపలకు ఆహారమయ్యాయి. నూట డెబ్బై ఏళ్ళు దాటినా ఆ పాఠం మారలేదు. తొట్టెలో ఒక్కొక్క జీవి మిగిల్చినది మరొకదానికి ఉపయోగపడాలి. ఎవరూ వాడుకోనిది మిగిలితే అది పాచి రూపంలో కంటికి కనబడుతుంది.

పాచి రూపాన్ని బట్టి మిగిలినదేమిటో కొంతవరకు ఊహించవచ్చు.

కొత్త తొట్టెలో మొదటి వారాల్లో వచ్చే గోధుమరంగు పొడి డయాటమ్‌లు. తుడిస్తే పోతాయి, కొద్ది వారాల్లో అవే తగ్గిపోతాయి.

అద్దంపై గట్టిగా అంటుకునే పచ్చని చుక్కలు తీవ్రమైన వెలుతురుకు గుర్తు. పాత ప్లాస్టిక్ కార్డుతో గీకివేయవచ్చు.

దారాల వంటి పాచిని పాత పళ్ళ బ్రష్షుకు చుట్టి లాగివేయాలి. మీ తొట్టెలో ఉన్నది ఇదే.

నీరంతా పచ్చబడితే అది నీటిలో తేలే ఏకకణ పాచి. నీరు మార్చినా వెంటనే తిరిగి వస్తుంది. తొట్టెకు మూడు రోజులు దుప్పటి కప్పి చీకటి చేసి, గాలి పంపు నడుపుతూ ఉంచి, తరువాత సగం నీరు మార్చాలి.

దుర్వాసనతో, పొరలా జారే నీలి ఆకుపచ్చ జిగట నిజానికి పాచి కాదు, ఒక రకం బాక్టీరియా. దానిని గొట్టంతో పీల్చివేసి, పైన చెప్పినట్లు చీకటి చేయాలి.

ఆకు అంచులకు పట్టే నల్లని కుచ్చులు ఎర్ర శైవలాల జాతికి చెందినవి. ఆ ఆకును కత్తిరించడమే మేలు.

ఇక ఆరు వారాల క్రమం. మొదటి రోజు చేతితో తీయగలిగినంత పాచిని తీసి, నాలుగో వంతు నీరు మార్చండి. ఆపై వారానికొకసారి అంతే నీరు మార్చండి. మున్సిపల్ కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి వెడల్పాటి బకెట్టులో ఒక రోజు నిలవ ఉంచండి. బోరు నీరైతే ఒకసారి నైట్రేట్ పరీక్ష చేయించండి. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. రెండు తెలుగు రాష్ట్రాల్లోని పలు జిల్లాల్లో బోర్లలో అంతకు మించి ఉంటున్నది. అటువంటి నీటితో మార్చితే పాచికి ఎరువు పోసినట్లే. సగం ఆర్వో నీరు కలుపుకోవాలి. ఆ పరీక్ష చేపల కంటే ముందు మీ ఇంటి బిడ్డలకు అవసరం.

మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినివేసేంతే వేయండి. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గురూ మూడుసార్లు వేయడం సహజం. ఆ పని ఒక్కరికే అప్పగించండి. మొక్కలను తగ్గించకండి, పెంచండి. వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటి వేగంగా పెరిగేవి నేలలో సగానికి పైగా నాటితే మిగులును అవే తీసుకుంటాయి. మొదటి రెండు వారాల్లో పెద్ద మార్పు కనిపించదు. నిరుత్సాహపడి మళ్ళీ కడగకండి. పాత పాచి తనంత తాను మాయం కాదు. కొత్తగా వచ్చిన ఆకు శుభ్రంగా ఉందా లేదా అన్నదే చూడవలసిన గుర్తు. మీ అబ్బాయికి ఒక నోటు పుస్తకం ఇచ్చి వారం వారం అది రాసిపెట్టమనండి.

చివరగా ఒక హెచ్చరిక. పాచిని తింటుందని చెప్పి దుకాణాల్లో వేలెడంత సక్కర్ చేపను అంటగడుతుంటారు. అది అడుగు దాటి పెరుగుతుంది, రెండడుగుల తొట్టె దానికి చాలదు. పెద్దదయ్యాక చాలామంది దానిని చెరువులోనో కాలువలోనో వదిలివేస్తారు. దక్షిణ అమెరికాకు చెందిన ఆ చేప నేడు మన చెరువుల్లో, నదుల్లో విస్తరించి, గట్టి ముళ్ళ పొలుసులతో జాలరుల వలలను చింపుతున్నది. పత్రికలు దెయ్యం చేప అని రాసేది దీనినే. ఒక ఇంటి తొట్టెలోని అద్దం శుభ్రం కావాలని మరొక ఇంటి జీవనాధారాన్ని పాడుచేయడం తగదు. నాలుగైదు నత్తలు చాలు.

ఇంత చేసినా పెద్దవారి మాట ప్రకారం తొట్టెను తీసివేయవలసి వస్తే, చేపలను గాని, మొక్కలను గాని, నత్తలను గాని బయటి నీటిలో వదలకండి. పెంచగలిగిన మరొక ఇంటికి ఇవ్వండి, లేదా దుకాణానికే తిరిగి ఇవ్వండి. మూగజీవిని గాజుగోడల మధ్యకు తెచ్చినది మనం. దాని నీరు, దాని మేత, దాని పగలూ రాత్రీ మన చేతిలోనే ఉన్నాయి. దానికి తగినంత చీకటి ఇవ్వడం కూడా ఆ బాధ్యతలో భాగమే.